పులి అడుగులో ఎన్ని మిల్లీమీటర్లు

వానలు అయిపోయాయని అడవి గేటు తెరిచాక
మూడో ఆదివారం
బైర్లూటి నుంచి బయల్దేరాం, ఒకే జీపులో ఏడుగురం.
టికెట్టు వెనక చిన్నక్షరాలు:
పులి కనబడకపోయినా డబ్బు వాపసు లేదు.
వాన గురించి ఏమీ రాయలేదు.

నేను దేవనకొండ మండలాఫీసులో
వానను లెక్కరాసే మనిషిని.
పొద్దున ఎనిమిదిన్నరకు గేజీ మూత తీసి
గాజుగొట్టంలోకి వంపి
వచ్చిందెంతో రిజిస్టర్లో ఎక్కించడం నా పని.
పదకొండేళ్లలో ఎక్కువసార్లు ఎక్కించింది సున్నా.
సున్నా చుట్టడంలో చెయ్యి తిరిగిపోయింది,
కళ్లు మూసుకున్నా గుండ్రంగా వస్తుంది.

మట్టిబాటలో జీపు ఆపించి
చెంచు అంకన్న వంగి చూపించాడు.
"రాత్రిది. ఆడది. తొందర్లేకుండా నడిచింది."
నా అరచెయ్యి పట్టేంత అడుగు.
ఆదోని కొత్తజంట ఫోను వంచి ఫోటో తీస్తుండగానే
మొదటి చినుకు సరిగ్గా అందులో పడింది.

అది నిండడం చూశాను.
వేళ్లు ముందు నిండాయి, తర్వాత మడమ,
తర్వాత అడుగే లేదు.
అలవాటు కొద్దీ మనసులో కొలిచాను:
ఎనిమిది. పదిహేను. ఇక వదిలేశాను.
టేకాకుల మీద వాన చప్పుడు
అడవంతా చేటలతో కందులు చెరుగుతున్నట్టు.

ముందు వంక వచ్చింది.
హుసేనప్ప జీపు వెనక్కి తిప్పాడు.
అరగంట కింద చక్రం తడవకుండా దాటిన ఇసుకదోవ
అదీ వంకే అయి కూర్చుంది.
ఎర్రనీళ్లలో ఒక మోదుగ కొమ్మ
లేచి పడుతూ, లేచి పడుతూ
రమ్మంటోందో వద్దంటోందో.
"ఏం గాదులే మేడం, వచ్చినంత బిరీన పోతాయి నీళ్లు."
మూడోసారి అన్నప్పుడు
అతను నావైపు చూడలేదు.

మిట్ట మీద చీకటి పడింది.
ఎమ్మిగనూరు మగ్గం పెద్దాయన సోమలింగప్ప
పేపరు పొట్లం విప్పాడు.
ఉగ్గాని, ఏడుగురికీ పిడికెడు చొప్పున.
బజ్జీలు మూడే. తుంచి పంచాడు.
కొత్త పెళ్లికొడుకు వానను
తల్లిని కలిపి ఒక తిట్టు తిట్టాడు.
పెద్దాయన నమలడం ఆపాడు.
"తిట్టాకు నాయనా.
దీనికోసరం మేం
కప్పను రోకలికి కట్టి ఇల్లిల్లూ తిరిగిండాం."
ఎవరూ నవ్వలేదు.
నాకూ తిట్టాలనే ఉంది.
పదకొండేళ్ల సున్నాలు నాలుకకు అడ్డంపడ్డాయి.

నీళ్లు టైరు సగానికి వచ్చాయి.
పెద్దాయన మనవరాలు శివలీల, తొమ్మిదేళ్లది,
అంకన్న మోచెయ్యి పట్టుకుని అడిగింది.
"పులి ఇప్పుడు యాడుంటాది?"
"మన మాదిరే. ఏదో మిట్ట మింద తడుస్తా
ఎప్పుడు తగ్గుతాదా అని చూస్తాంటాది."
"మనల్నా?"
అంకన్న బీడీ వెలిగించబోయి
తడిసిన అగ్గిపెట్టెను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

చూడ్డానికని డబ్బు కట్టినవాళ్లం
రాత్రంతా ఎవరికో కనబడుతూ కూర్చున్నాం.
కొత్తపెళ్లికూతురు నా భుజం మీద నిద్రపోయింది.
పేరు అడగడం మర్చిపోయాను.
జుట్టులో కనకాంబరాలు తడిసి
నా రవికకు రంగంటింది.

తెల్లారి ట్రాక్టరు, తాళ్లు, ఫారెస్టు వాళ్ల కేకలు.
బొడ్డుదాకా నీళ్లలో
ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటాం.
శివలీల అంకన్న మెడ మీద.
చెప్పులు ఎవరికీ మిగల్లేదు.

గేటు దగ్గర సిగ్నలు వచ్చింది.
ఉగ్గాని కవర్లో చుట్టిన ఫోను మోగింది.
ఎనిమిదిన్నర దాటింది. అటెండరు వీరనాగమ్మ.
"మేడం, మీరు రాలేదని నేనే గేజీ తీసి చూసినా.
మనకాడ చినుకు లేదు.
మోడం పట్టింది గానీ అట్లే పాయ.
సున్నా రాద్దునా?"

"రాయి," అన్నాను,
చీరకొంగు పిండుకుంటూ.